పిల్ల, చుక్క, కత్తి

మా ఆయన డానియేలు రైల్వేల సిగ్నల్ పని చేస్తడు. ఉప్పుగూడ స్టేషన్ దాటినంక రెండో గల్లీల మా ఇల్లు. ఆయనకు తాగుడు లేదు, పత్తాలాట లేదు. ఉన్నది ఒక్కటే పిచ్చి. మాటను దాచిపెట్టి ఎదుటోళ్లతోని వెతికించుడు. డ్యూటీ మీదికెళ్లి నాకు మెసేజ్ పెడితె సక్కగ పెట్టడు. వంకాయ వండుమని చెప్పనీకి అక్షరాలన్ని తారుమారు చేసి పంపుతడు. పొయ్యి మీద పోపు మాడుతుంటె నేను ఫోన్ పట్టుకోని కూడబలుక్కుంట నిలబడేదాన్ని. తిట్టుకునేదాన్ని గని, మాట దొరికినంక మాత్రం నవ్వొచ్చేది.

ఎండకాలం సెలవులల్ల మా చర్చిల పిల్లలకు క్లాసులు పెడ్తరు. పాటలు, కథలు, ఆఖర్ల శర్బత్. ఆటలు ఆడిపిచ్చే పని ఆయన తన మీదేసుకున్నడు. మొదట చర్చి పిల్లలే ఉండె. తర్వాత వాళ్ల సోపతిగాళ్లు వచ్చిన్రు, వాళ్ల ఎన్కాల తమ్ముళ్లు, చెల్లెండ్లు. ఏ మతపోళ్ల పిల్లలని లేదు, గల్లీ గల్లంత వచ్చింది. ఆయన ఆ ఆటకు గుట్టుమాట అని పేరు పెట్టిండు.

ఆట అల్కగనే ఉంటది. చాక్‌పీసుతోని గోడల మీద బొమ్మలు గీస్తడు. ఒక్కో బొమ్మ పేరుల మొదటి అక్షరం తీసుకోవాలె. మేక, డబ్బా గీసి ఉంటె మేడ. ఆ మాట ఏ జాగను చెప్తదో అక్కడికి ఉరకాలె. అక్కడ ఇంకో మాట ఉంటది. గట్ల ఊరంత తిరిగి అందరికంటె ముందు వచ్చినోళ్లకు ఐస్‌క్రీం. పొద్దున చాయ తాగుకుంట ఆయన కాగితాల మీద బొమ్మలు గీసి, ఇది మస్తు సులువైందా, కష్టమైందా అని నన్ను అడిగేటోడు. పిల్లలు ఓడిపోవద్దు, అట్లని ఊరికెనే గెలవద్దు అని ఆయన ఫికర్.

ఆ పిల్లలల్ల అందరికంటె హుషారు మాన్య. నాలుగో తరగతి. వాళ్ల నాయిన నగేష్ ఆటో నడుపుతడు. ఆ ఏడే దబీర్‌పురా నుంచి ఇల్లు మారి మా ఎన్క గల్లీకి వచ్చిన్రు. ఆ పిల్ల బొమ్మ చూసి, పెదవులు రెండు సార్లు కదిపి, ఉరికేది. నేను గీసి చెయ్యి దులుపుకునే లోపటనే పట్టేస్తది అని మా ఆయన మురిసిపోయేటోడు. చర్చి క్లాసులకు పోతున్నదని తెలిస్తె నాయిన వద్దంటడేమో అని తల్లి ఆయనకు చెప్పలేదంట. ఈ సంగతి మాకు తర్వాత తెలిసింది.

రెండేండ్ల కింద ఆ ఎండకాలమే ఫోన్లల్ల ఒక ముచ్చట తిరగవట్టింది. పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు సిటీల దిగిన్రని, ముందుగాల ఒకడు వచ్చి పిల్లలున్న ఇండ్ల గోడల మీద గుర్తులు పెట్టి పోతడని, ఎన్కసిరి గ్యాంగ్ వస్తదని. ఎక్కడివో ఫోటోలు, ఎవరో ఏడుస్తున్న వీడియోలు. మా అత్తగారి ఊరు నుంచి సుత ఫోన్ చేసి పైలం అన్నరు. నేను ఆ మాట మా ఆయనకు చెప్పిన. గోడల మీద గీసుడు కొన్ని రోజులు ఆపరాదు అన్న. ఆయన నవ్విండు. ఈ గల్లీల నన్ను ఎరుగనోడు ఎవడే స్వీటీ అన్నడు.

ఆయనను ఎరుగనోళ్లు ఉన్నరు. ఎన్క గల్లీల అద్దెకు వచ్చిపోయేటోళ్లే ఎక్కువ.

ఆ రోజు పొద్దున ఆయన నగేష్ ఇంటి గోడ మీద మూడు బొమ్మలు గీసిండు. రెండు జడల పిల్ల, చుక్క, కత్తి. పిల్లల పి, చుక్కల చు, కత్తిల క. పిచుక. ఆనందరావు బియ్యం దుకాణం ముందట గింజలకు పిచుకలు వాల్తయి, పిల్లలు అక్కడికి పోవాలె. గంతే. మధ్యాహ్నం గాలిదుమారం లేచి నాలుగు చినుకులు వడ్డయి. బొమ్మలు సగం కారిపోయినయి.

నగేష్ బువ్వ తినెటందుకు ఇంటికి వచ్చి ఆ గోడ చూసిండు. తన ఇంటి మీద, తన బిడ్డ జడల లెక్కనే రెండు జడల పిల్ల, పక్కన కత్తి. ఫోటో తీసి గల్లీ గ్రూపుల పెట్టిండు. ఎవడో దానికి అర్థం చెప్పిండు. ఈ ఇంట్ల ఆడపిల్ల ఉన్నది, చుక్కలు పొడిచినంక రావాలె, కత్తి పట్టుకోని రావాలె అని. ఇంకొకడు అవును, మా గల్లీల సుత చూసిన అన్నడు. ఒక్క తాన కాదు, అన్ని గోడల మీద ఉండె మరి. నగేష్ ఆ పూట మళ్ల ఆటో తియ్యలేదు. నలుగురిని తోలుకోని ఎదురింటి మెట్ల కాడ కూసున్నడు.

మా ఆయన డ్యూటీ దిగి, చినిగిన అంగీ ఒకటి తొడుక్కోని, కారిపోయిన బొమ్మలు మళ్ల దిద్దొస్త అని పోయిండు. ఇంకా పొద్దు గూకలేదు. నేను ఆగమ్మ బండి కాడ నిలబడి ఉన్న. ఆగమ్మ మా గల్లీ మూలకు మిరపకాయ బజ్జీలు ఏస్తది. మొగుడు పోయి ఎన్నో ఏండ్లయింది, ఒక్కతే బతుకుతది. బజ్జీలు నూనెల ఏసింది, ఇంకా తియ్యలేదు. ఎన్క గల్లీలకెళ్లి బచ్చాచోర్, పిల్లల దొంగ అని ఒర్లుడు వినొచ్చింది.

మా ఆయన పోయింది ఆ దిక్కే. ఉరికిన.

నేను పోయేసరికి గుంపు నిండిపోయింది. ఆ గుంపుల అన్ని ఇండ్లోళ్లు ఉన్నరు, అన్ని మతాలోళ్లు ఉన్నరు. సందులకెళ్లి నాకు ముందు చెప్పు కనవడ్డది, మా ఆయనది. తర్వాత ఆయన చెయ్యి. చాక్‌పీసు ఇంకా ఏళ్ల మధ్యనే ఉన్నది. ఒకడు ఆ చెయ్యి మీద మడిమ పెట్టి తొక్కిండు. ఏళ్లు ఇరిగిన సప్పుడు నేను ఇన్న. ఇంకొకడు క్రికెట్ బ్యాటు తెచ్చిండు. నగేష్ చేతిల ఆటో జాకీ రాడ్డు ఉన్నది. దవడ మీద కొట్టిండు. మా ఆయన లేవబోయిండు, ముఖం మీద ఇంకోటి పడ్డది. ఎడమ కన్ను ఉన్న జాగంత నెత్తురైంది.

ఆయన నా మొగడు, రైల్వే ఆయన, ఇడిసిపెట్టున్రి అని మొత్తుకున్న. ఒకడు నా కొప్పు పట్టి గుంజి, ఆడోళ్లను ముందట పెట్టుకోనే ఎత్తుకపోతరు వీళ్లు, ఇది కూడ గ్యాంగే అన్నడు. మోచేతితోని మూతి మీద గుద్దితె నాకు పండ్లు కదిలినయి. కింద పడితె డొక్కల తన్నిన్రు. మట్టిలకెళ్లి తల ఎత్తి చూస్తె చుట్టు ఫోన్లు. కొట్టనోళ్లు వీడియో తీస్తున్నరు.

ఆ బొమ్మలకు అర్థమేందో చెప్పు అని నగేష్ రాడ్డు లేపి అడుగుతున్నడు. మా ఆయన చెప్తనే ఉన్నడు. దవడ ఇరిగి మాట వస్తలేదు. నోట్లకెళ్లి నెత్తురు బుడగలొస్తున్నయి. పిచుక, పిచుక అంటున్నడు. చూడున్రి, కోడ్ చెప్తున్నడు అని ఎవడో అన్నడు. మళ్ల కొట్టిన్రు.

గప్పుడే మాన్య బయటికొచ్చింది. వాళ్ల నాయిన అంగీ ఎన్కనుంచి పట్టుకోని గుంజింది. నాయినా, ఆటల సార్, ఆటల సార్ అని ఏడ్చింది. నగేష్ ఎనకకు చూడకుండనే మోచేతితోని దొబ్బిండు. పిల్ల పోయి అరుగు అంచుకు తాకింది. కనుబొమ్మ పలిగింది. నగేష్ అప్పుడు సుత చూడలేదు.

నా ఎన్కాలకెళ్లి జరుగున్రి అని ఒక గొంతు వినొచ్చింది. ఒర్లలేదు, మామూలుగనే అన్నది. ఆగమ్మ. కొంగు చేతికి చుట్టుకోని, మరుగుతున్న నూనె స్టీలు బకెట్ల పోసుకోని వచ్చింది. చేతిల చెంబు. జరగనోళ్ల మీద చెంబుతోని ఇసిరింది. ఒకని ఈపు మీద పడ్డది. నగేష్‌కు మెడ నుంచి మోచేతి దాక పడ్డది. వాడు రాడ్డు ఇడిసిపెట్టి ఒర్లిన ఒర్లుడు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. తోలు ఊడి అంగీకి అంటుకున్నది. గుంపు చెదిరింది.

ఆగమ్మ మా ఆయనకు అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడి చెంబు మళ్ల ముంచింది.

"ఇంకెవడు వస్తడో రా" అన్నది.

ఎవడు రాలేదు. పోలీసులు వచ్చేదాక ఆమె గట్లనే నిలబడ్డది.

దవాఖానల డాక్టర్లు ఎడమ కన్ను తీసేసిన్రు. దవడకు తీగెలు కట్టిన్రు. కుడి చేతి ఏళ్లు రెండు ఇగ వంగవు అన్నరు. నేను బట్టలు తెచ్చుకోనీకి ఇంటికి వచ్చిన రోజు నగేష్ ఇంటి ముందట ఆటో కనవడ్డది. ఇంట్లకు పోయి రోకలి తెచ్చిన. ముందటి అద్దం కొట్టిన, లైట్లు కొట్టిన, మీటరు కొట్టిన, సీట్లు పర్ర పర్ర చింపిన. గల్లీల అందరు కిటికీలకెళ్లి చూసిన్రు, ఒక్కడు రాలేదు. మాన్య కనుబొమ్మ మీద పట్టీతోని గుమ్మంల నిలబడి చూసింది. ఆ పిల్ల ఏడ్వలేదు, ఆపలేదు. నేను రోకలి భుజం మీదేసుకోని తిరిగి దవాఖానకు పోయిన. చేతులు మండుతున్నయి గని, పానం కొంచెం నిమ్మలమైంది.

పోలీసులు నగేష్ మీద, ఇంకా వీడియోల కనవడ్డ కొందరి మీద కేసు పెట్టిన్రు. ఆగమ్మ మీద సుత పెట్టిన్రు. కాలిన గాయాలకు నగేష్ ఫిర్యాదు ఇచ్చిండు. అందరు బెయిల్ మీద వచ్చినంక ఆనందరావు పెద్దమనిషి లెక్క మధ్యల దూరిండు. బియ్యం దుకాణం ఎన్క అర్రల మమ్మల్ని, ఆగమ్మను, నగేష్‌ను కూసోబెట్టిండు. డానియేలు కేసు వాపస్ తీసుకుంటె నగేష్ సుత తీసుకుంటడు, ముసలామె కోర్టు చుట్టు తిరిగే బాధ తప్పుతది, గల్లీల లొల్లి చల్లారుతది అన్నడు. అందరి మంచికే చెప్తున్నట్టు చెప్పిండు.

నేను వద్దని లేవబోయిన. ఆగమ్మ మొఖం చూసి మళ్ల కూసున్న. మా కోసమే ఆమె ఆ కేసుల ఇరుక్కున్నది. ఆమె మాత్రం గోడకు ఒరిగి తమలపాకు నములుకుంట, నా గురించి ఎవరు ఏం ఇడువకున్రి, జడ్జి అడిగితె పోసిన అంట అన్నది.

నగేష్ తల వంచుకోని కూసున్నడు. మెడ మీద తోలు గులాబీ రంగుల ముడుచుకపోయింది. నేను తండ్రిని అన్నా, నా జాగల మీరుంటె ఏం చేసేటోళ్లు అన్నడు.

మా ఆయనకు తీగెలు తీసి కొన్ని రోజులే అయింది. ఒక్కో మాటను కూడదీసుకోని మాట్లాడిండు.

"నన్ను కొట్టేటప్పుడు నీ బిడ్డ నీ అంగీ పట్టుకున్నది. నువ్వు దొబ్బినవ్. నాకు ఒక కన్నుతోని అంత కనవడ్డది. బిడ్డ కోసం కొట్టిన అనకు నగేషూ."

నగేష్ లేచి, ఆగమ్మ మీద కేసు నేను వాపస్ తీసుకుంట అన్నడు. మా ఆయన, నేనైతె నాది తీసుకోను అన్నడు. తీసుకోకు అన్నా అని నగేష్ బయటికి పోయిండు. ఆనందరావు ఇద్దరిని మార్చి మార్చి చూసి, మీతోని కాదు అని లేచిండు.

చెప్పినట్టే నగేష్ ఆగమ్మ మీద ఫిర్యాదు తీసుకున్నడు. అక్కడితోని ఆగలేదు. పోలీసుల కాడికి పోయి, ఆ రోజు బ్యాటు తెచ్చినోడు ఎవడు, ఏళ్లు తొక్కినోడు ఎవడు, బొమ్మలకు దొంగ అర్థం చెప్పినోడు ఎవడు, పేర్లన్ని చెప్పిండు. నేను సుత కొట్టిన అని తనది ముందు చెప్పిండంట. ఆ పేర్లోళ్లు ఊకుంటరా. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ గోడ పక్కకు నగేష్‌ను పట్టుకున్నరు. అదే తీర్ల చుట్టుముట్టి, అదే తీర్ల తన్ని, చెయ్యి ఇరగ్గొట్టిన్రు. ఈసారి ఎవ్వరు నూనె తేలేదు. నేను ఆ ముచ్చట ఇన్నప్పుడు మంచిగైంది అనుకున్న. మా ఆయన ఇన్నడు. ముందటి పళ్లెం పక్కకు జరిపి లేచిండు.

ఇగ ఈడ ఉండలేక నగేష్ హుస్సేనీ ఆలం దిక్కు ఇల్లు చూసుకున్నడు. సామాను ఎక్కించే రోజు ఆదివారం. మేము చర్చి నుంచి వస్తున్నం. ఇంటి ముందట ట్రాలీ ఆటో నిలబడి ఉన్నది. పట్టీ కట్టిన చేతితోని నగేష్ బీరువా ఒక్క దిక్కు లేపనీకి తంటాలు పడ్తున్నడు. రెండో దిక్కు భార్య పట్టుకున్నది, ఆమెతోని అయితలేదు. గల్లీల అందరు చూస్తున్నరు. ఒక్కడు చెయ్యేస్తలేడు.

మా ఆయన నా చేతికి బైబిలు ఇచ్చిండు. పోయి, ఆమెను పక్కకు జరుగుమని సైగ చేసి, బీరువా పట్టుకున్నడు. వంగని ఏళ్లను కిందికి పెట్టి, అరచేతి మీద బరువు మోసిండు. ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. బీరువా బండి మీద పడ్డంక ఆయన చేతులు దులుపుకోని వచ్చిండు.

ఎందుకు లేపినవ్ అని తొవ్వల అడిగిన.

"బరువున్నది కదనే" అన్నడు.

కేసు ఇంకా నడుస్తనే ఉన్నది. పిలిచిన రోజల్ల ఆయన కోర్టుకు పోతడు, ఎవరెవరు ఏం చేసిన్రో ఉన్నది ఉన్నట్టు చెప్తడు, నగేష్ పేరు సుత ఇడువడు. నేను పక్కన కూసుంట. నగేష్ వస్తడు, ఎన్క బెంచీ మీద కూసుంటడు. ఆ మెడ మీది మచ్చ చూసినప్పుడల్ల నాకు ఇంకా కోపమే వస్తది.