నీటికాకులు దిగిన చెరువు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. చలిజ్వరంతో రెండు దుప్పట్లు కప్పుకున్న ఆమోసు, అతని పక్కన గంజి చల్లారుస్తున్న భార్య అమలమ్మ, మంచం దిగలేని తాత నతానియేలు, గుమ్మంలో సైకిలుకు గాలి కొడుతున్న క్రిస్టినా. చెప్పుకోవడానికి నలుగురే గాని, ఆ పొద్దున చెరువు మీదికి వెళ్లగలిగింది పదహారేళ్ల క్రిస్టినా ఒక్కతే. రెండో శనివారం, బడి లేదు.

ఆమోసుది పిట్టల కాపలా. కొల్లేటి అంచున పవన్‌కుమార్ గారికి మూడు చేపల చెరువులున్నాయి. వాటి గట్ల మీద తిరుగుతూ, రేకు డబ్బా మోగిస్తూ, నీళ్ల మీద వాలే పక్షుల్ని లేపేయడం అతని పని. కొత్తగా చేపపిల్లల్ని వదిలిన రోజులు కాబట్టి ఒక్క పూట కూడా గట్టు ఖాళీగా ఉండకూడదు.

"పెద్ద చెరువు దగ్గర చెయ్యి ఊరుకోకూడదమ్మా," అన్నాడు ఆమోసు దుప్పట్లోంచి. "నీటికాకులు మూకగా దిగాయంటే గంటలో ఊడ్చేస్తాయి."

"సరే నాన్నా."

"దీన్ని పంపుతున్నావా?" అన్నాడు తాత. "డబ్బా కొడుతుందో, పిట్టలకి పెళ్లిఫొటోలు తీస్తుందో."

క్రిస్టినా తల వంచుకుని అమ్మ ఫోను తీసుకుంది. తాత అన్నది వట్టి మాట కాదు. చుట్టుపక్కల పక్షుల ఫొటోలు తీసుకురమ్మని ఉషశ్రీ టీచర్ చెప్పి పది రోజులైంది. క్లాసులో అందరూ ఇచ్చారు, ఆమె తప్ప.

డబ్బా హ్యాండిలుకు వేలాడదీసుకుని బయల్దేరింది. రాత్రి నాన్న మూలుగుతో నిద్రలేదు. కళ్లు మండుతున్నాయి. గట్టు మీద ఎండిన బురద గట్టిపడి, చక్రం ఎగిరెగిరి పడుతోంది. చైను రెండుసార్లు ఊడింది. మొదటి చెరువు చుట్టూ డబ్బా కొట్టుకుంటూ తిరిగింది, రెండో చెరువు చుట్టూ తిరిగింది. కొంగలు లేచినట్టే లేచి, ఆమె అటు దాటగానే ఇటు వాలాయి. వాటికీ ఇది రోజూ ఉన్నదే. తుమ్మ చెట్టు కింద ఆగి తూటికాడ పూల మీద మంచును ఫొటో తీసింది. బురదలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను తీసింది. తీసి చూసుకుంటే కొంగ చాక్‌పీసు ముక్కంత ఉంది.

పెద్ద చెరువు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు బరువెక్కాయి. సైకిలు స్టాండు వేసి, మోటారు షెడ్డు ఎదురుగా గట్టు మీద కూలబడింది. డబ్బా ఒళ్లో ఉంది. ఒక్క నిమిషం కూర్చుందామనుకుంది.

అప్పుడే దిగాయవి. ముందు నాలుగు గూడబాతులు, రెక్కలు కదపకుండా, నీళ్లను పొడుగ్గా చీల్చుకుంటూ. వాటి వెనక నల్లగా నీటికాకులు, యాభయ్యో వందో. ఒకేసారి మునిగి ఒకేసారి తేలుతుంటే చెరువంతా ఉడుకుతున్నట్టుంది. ఒక గూడబాతు ఆమె వైపే ఈదుకుంటూ వచ్చింది. దాని ముక్కు కింద సంచి ఎండకు పలచగా, పసుపుపచ్చగా మెరిసింది. ఆమెను లెక్కచేయకుండా ఇంత దగ్గరగా ఏ పక్షీ ఎప్పుడూ రాలేదు.

చెయ్యి డబ్బా మీదికి వెళ్లింది. ఒక్క ఫొటో తీశాక కొడదామనుకుంది. ఒకటి పది అయ్యాయి. డబ్బా కొట్టేసరికి పావుగంట దాటింది.

ఫొటో బాగా వచ్చింది. నేరుగా టీచరుకు పంపాలంటే సిగ్గు. ఏం రాయాలి, టీచర్ ఏమనుకుంటారు? స్టేటస్‌లో పెడితే ఎవరికీ చెప్పినట్టు కాదు, టీచరు చూస్తే చూస్తారు. అందుకని స్టేటస్‌లో పెట్టి, మళ్లీ సైకిలెక్కింది.

ఆ ఫోనుకే రోజూ పవన్‌కుమార్ గారు చేస్తారన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

పొద్దుటి కాపలా ముగించుకుని పదకొండింటికి ఇల్లు చేరి చెప్పులు విడవకముందే ఫోను మోగింది. అమలమ్మ స్పీకరు పెట్టి ఆమోసు నోటి దగ్గర పట్టుకుంది.

"ఆమోసూ, చెరువు మీద పిట్టలకి విందు పెట్టావంట కదా."

"లేదండీ బాబుగారూ."

"ఫొటోలో షెడ్డు మీద మా నాన్న పేరు కనపడుతోందయ్యా. నీటికాకులు ఎన్నున్నాయో లెక్కపెట్టడానికే వీల్లేకుండా ఉన్నాయి. కూర్చుని ఫొటోలు తీసుకుంటున్నావా నువ్వు?"

ఆమోసు కూతురి వైపు చూశాడు. తాను మంచం మీద ఉన్నానని అనలేదు.

"తప్పయిందండీ," అన్నాడు.

"రేపట్నుంచి రావొద్దులే. ఇంకో మనిషిని చూసుకుంటాను."

ఎవరూ ఆమెను తిట్టలేదు. ఆమోసు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. తాత గోడవైపు తిరిగాడు. తిట్టి ఉంటే ఇంట్లోనే ఉండిపోయేదేమో. క్రిస్టినా ఫోను తీసుకుని మళ్లీ సైకిలెక్కింది.

హనుమాన్ జంక్షన్‌లో పవన్‌కుమార్ గారి ఇల్లు పదహారు కిలోమీటర్లు. మధ్యాహ్నపు ఎండ. మేత బస్తాల లారీలు దుమ్ము కొట్టి పోతున్నాయి. తొక్కుతున్నంతసేపూ ఆమె ఒకే మాట అనుకుంటూ వెళ్లింది: నాన్న తప్పు లేదండీ. తోవలో కాలవ నిండా బాతులున్నాయి. వాటి వంక చూడలేదు.

పవన్‌కుమార్ తల్లి మాణిక్యమ్మ తలుపు తీసింది. లోపల్నుంచి చల్లగాలి క్రిస్టినా ముఖానికి కొట్టింది.

"ఎవరమ్మా?"

"ఆమోసు కూతుర్నండీ, అమ్మగారూ. నాన్న తప్పు లేదండీ." ఆగితే ఇక మాట రాదని గబగబా చెప్పేసింది. "నాన్న అసలు చెరువు మీదికే రాలేదండీ ఇవాళ. జ్వరమండీ. నేనే వెళ్లాను. ఆ ఫొటో నేనే తీశాను."

మాణిక్యమ్మ వెనక్కి తిరిగింది. "బాబూ, ఆమోసు ఇవాళ రానే లేదంట. పిల్లను పంపాడంట."

లోపల్నుంచి పవన్‌కుమార్ గొంతు తాపీగా వినిపించింది. "అదా సంగతి. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు పంపాడో."

"లేదండీ, ఇవాళ ఒక్కరోజేనండీ…"

"సరేలేమ్మా, ఎండన పడి వచ్చావు," అంది మాణిక్యమ్మ. "ఆ కుళాయి దగ్గర నాలుగు గుక్కల నీళ్లు తాగి వెళ్లు. ఏసీ గాలంతా పోతోంది."

తలుపు వేసేసింది.