ఎదుటివాళ్ల మాట

మధ్యవర్తిత్వం నేర్చుకోవడానికి పేరిచ్చానని చెప్పగానే మా ఆయన కృష్ణారావు పేపరు మడిచి పక్కన పెట్టి మరీ నవ్వారు. ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల టీచరుగా చేసినదాన్ని. తప్పు కనబడితే ఎర్ర సిరా పెట్టకుండా ఉండలేను. పైగా బాలాత్రిపురసుందరి నోట్లో నువ్వుగింజ నానదని మావాళ్లలో నాకు పేరు. అలాంటి మనిషి రెండు పక్షాల రహస్యాలూ విని నోరు మూసుకు కూర్చుంటుందా అన్నది ఆయన సందేహం. నిజానికి నాదీ అదే. కానీ జనం ఎందుకు పోట్లాడుకుంటారో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. మా బహదూర్‌పల్లి కాలనీలో పార్కింగ్ దగ్గర గొడవైతే, పొయ్యి మీద పాలు వదిలేసి బాల్కనీలోకి పరుగెత్తేదాన్ని. ఆ రోగానికి సర్టిఫికెట్ ఇస్తామంటుంటే ఎందుకు వదులుకోవాలి?

మేడ్చల్‌లో నలభై గంటల శిక్షణ. నేర్పేది రిటైరైన జడ్జి గోపాలరావు గారు. మొదటిరోజు ఇద్దరు అన్నదమ్ముల తగాదా నాటకంలాగా ఆడించారు. ఏడు నిమిషాల్లో తీర్పు చెప్పేశాను.

"మేడం, తీర్పులు చెప్పడానికి జీతాలు తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు. మీరు అడగండి, చాలు" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. ఆయన నేర్పిన పద్ధతుల్లో ఒకటి మరీ పిల్లల ఆటలా ఉంది. ఒకరు చెప్పిన మాటను రెండోవాళ్లు తమ నోటితో తిరిగి చెప్పాలి. ఒప్పుకోనక్కర్లేదు, జవాబు ఇవ్వకూడదు, తిరిగి చెప్పాలి, అంతే. ఎక్కాలు అప్పజెప్పించడానికి నలభై గంటలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

శిక్షణ ముగిశాక, గోపాలరావు గారు పక్కన కూర్చుని చూస్తుండగా, నాకు మొదటి నిజమైన తగాదా ఇచ్చారు. ఇది చెప్పుకోవడానికి ఇద్దరూ తర్వాత ఒప్పుకున్నారు, పేర్లతో సహా. లేకపోతే చెప్పేదాన్ని కాను.

శివమ్మది దేవరయాంజాల్. అరవై అయిదేళ్లుంటాయి. ఆమె బంతిపూల చేను షౌకత్ ఇంటి వెనకాల ఉంది. నలభై ఏళ్లుగా అతని వాకిట్లోంచే చేనుకు వెళుతోంది. మూడు నెలల కిందట షౌకత్ ఆ దారికి ఇనుప గేటు పెట్టి తాళం వేశాడు. ఇప్పుడామె పూలగంప నెత్తిన పెట్టుకుని రెండు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. దారి కోసం కోర్టుకెక్కింది. కోర్టు వాళ్లను రాజీ కోసం మా మధ్యవర్తుల దగ్గరికి పంపింది.

నా మనసులో తీర్పు అప్పుడే తయారైపోయింది. గేటు పీకేయాలి. దీనికి ఇంత చర్చ దేనికి?

కూర్చోగానే షౌకత్ జేబులోంచి కొత్త తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. వచ్చి పోయినప్పుడల్లా మళ్లీ తాళం వేస్తే చాలన్నాడు. శివమ్మ దాన్ని వేలితో వెనక్కి నెట్టేసింది. దారి కావాలని కోర్టుకెక్కిన మనిషి చేతికొచ్చిన దారిని వద్దంటోంది! నాకు లోపల దురద మొదలైంది.

ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. ముందు శివమ్మతో.

"నన్ను దొంగ లెక్క జూసి తాళమేసిండు. తాళంచెవి ఇస్తె ఆ పేరు పోతదా టీచరమ్మా?" అంది. శివమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ షౌకత్ తల్లి జహేదా ఆమెకు స్నేహితురాలట. రోజూ పొద్దున పేరు పెట్టి పలకరించేదట. ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా బయటికొచ్చి అడగలేదని ఆమె కడుపుమంట.

తర్వాత షౌకత్. గొంతు తగ్గించి చెప్పాడు. తల్లికి మతిమరుపు ముదిరింది. పొద్దున బాగానే ఉంటుంది, పొద్దుగూకితే ఇల్లు దాటి వెళ్లిపోతుంది. ఒకసారి రింగ్ రోడ్డు పక్కన దొరికింది. గేటు అందుకే. ఆమె ఎవరి కంటా పడకుండా పగలు కూడా తాళం తీయడు.

"ఊరోళ్లంత మా అమ్మీని అడిగి పని జేసెటోళ్లు. గామెను జూసి ఇయ్యాల ఎవ్వలు నవ్వొద్దు" అన్నాడు. శివమ్మకు చెప్పవచ్చా అని అడిగాను. వద్దన్నాడు. వద్దంటే వద్దే, అది మా మొదటి నియమం.

బయటికొస్తే వరండాలో శివమ్మ ఒంటరిగా కూర్చుని ఉంది. ఒక్క మాట చెబితే గొడవ తీరిపోతుంది. నా నాలుక ఆగనంటోంది. గోపాలరావు గారు నా మొహం చూసి పసిగట్టారు.

"చెబితే గొడవ తీరచ్చు. అతను మాత్రం ఇక జన్మలో ఎవరినీ నమ్మడు" అన్నారు. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, ఆయన చెప్పింది నిజం కాబట్టి.

మళ్లీ ఇద్దర్నీ కూర్చోబెట్టాను. నా చేతిలో ఇంకేమీ లేదు, ఆ పిల్లల ఆట తప్ప. శివమ్మను తన బాధ చెప్పమన్నాను. ఆమె చెప్పింది. షౌకత్‌ను అదే మాట తిరిగి చెప్పమన్నాను.

"శివమ్మ చిన్నమ్మను దొంగ లెక్క జూసి తాళమేసిన" అన్నాడు. "మా అమ్మీ గూడ..." అని ఆగిపోయాడు.

ఏడో ఎక్కం దగ్గర పిల్లవాడు ఆగితే రెండు క్షణాల్లో అందించేదాన్ని. ఆ రోజు మాత్రం చేతులు రెండూ ఒళ్లో బిగించుకు కూర్చున్నాను. 'అడగలేదు' అన్న మాట షౌకత్ నోట రాలేదు. తలెత్తి శివమ్మ వైపు చూశాడు.

"గేటు బయటోళ్లకు గాదు చిన్నమ్మా. లోపలున్న అమ్మీకి" అన్నాడు. తర్వాత అంతా తనే చెప్పాడు.

శివమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది, నాకంటే బాగా. ఏ వేళకు వెళుతుంది? ఏ దిక్కుకు వెళుతుంది? వెళ్లేటప్పుడు చేతిలో ఏమైనా పట్టుకుంటుందా?

షౌకత్ ఆశ్చర్యపోయాడు. మొదట్లో కొడవలి పట్టుకునేదట. అది దాచేస్తే ఇప్పుడు వంటింట్లో గరిటె పట్టుకుని బయల్దేరుతోందట.

"గడ్డికి వోతాంది బిడ్డా" అంది శివమ్మ. "ఆ రోడ్డు వడ్డ జాగలనే మేమిద్దరం గడ్డి కోసేది. పొద్దుగూకంగ నేనే వచ్చి పిలిచేది. పిల్వక ఇన్నేండ్లాయె. సూసి సూసి ఒక్కతే ఎల్తాంది."

అప్పుడు ఏడ్చింది శివమ్మ కాదు, నేను. గేటు పీకించి ఉంటే ఆ పెద్దావిడ గరిటె పట్టుకుని లారీల మధ్యకు నడిచేది, నా తీర్పు పుణ్యమా అని.

ఒప్పందం వాళ్లే చెప్పారు, నేను రాశాను. గేటు ఉంటుంది, తాళం ఉంటుంది. శివమ్మ తాళంచెవి తీసుకుంటుంది. రోజూ సాయంత్రం వచ్చి జహేదాను పేరు పెట్టి పిలిచి, తన చేను దాకా తీసుకెళ్లి, చీకటి పడకముందే ఇంట్లో దిగబెడుతుంది. ఎవరడిగినా ఏమీ చెప్పదు.

సంతకాల దగ్గర శివమ్మ ఆగింది. ఇంకో మాట రాయాలంది. ఒప్పందంలో ఇలాంటివి రాయవచ్చా అని గోపాలరావు గారి వైపు చూశాను. ఆమె ఎలా చెబితే అలాగే రాయమన్నారు.

"రేపు నాకు గూడ మతి దప్పితే నాకు వేరే గేటు వెట్టొద్దు. ఇద్దరిని ఆ ఒక్క వాకిట్లనే ఉంచాలె."

నేను రాయడం పూర్తికాకముందే షౌకత్ సంతకానికి పెన్ను అడిగాడు.