సరుకు అందించే బటన్

మావయ్య కావాలనే ఓడిపోతున్నారని నా అనుమానం. ఆటలో నేనేదో మెలిక పెట్టానని ఆయన అనుమానం.

తణుకులో మావయ్య గున్నేశ్వరరావుగారిది కిరాణా కొట్టు. దాని పక్క గది ఖాళీగా ఉంది. మద్రాసులో కొన్న కంప్యూటర్‌ని టీవీకి తగిలించి, నేనే సొంతంగా ఓ వీడియో గేమ్ తయారుచేశాను. ఆ గదిలో పెట్టి ఊళ్ళోవాళ్ళ చేత ఆడించాలని ఆశ. ఎనభై ఏడులో మా చుట్టుపక్కల అలాంటిది ఎవరూ చూడలేదు.

"నేను ఒక్కసారి గెలిస్తే గది నీది. లేదంటే సోమవారం నుంచి కొట్లో పొట్లాలు కట్టు," అన్నారు మావయ్య. పొట్లాలంటేనే నాకు ఒళ్ళు మంట.

ఆట తేలికే. గోదావరి మీద పడవ. కుడిచేతి వైపు బటన్లతో నడపాలి. రేవు రాగానే ఎడంచేతి వైపు బటన్ నొక్కితే ఒడ్డునున్న మనిషికి సరుకు అందుతుంది. మావయ్య ఇసుకతిన్నెలన్నీ తప్పించుకొచ్చి, సరిగ్గా రేవు దగ్గర పడవని గట్టుకి గుద్దేస్తారు. ప్రతిసారీ అక్కడే!

పడవ వేగం తగ్గించాను. రేవు వెడల్పు చేశాను. అయినా గుద్దేశారు.

"ఏంట్రా ప్రసాదూ, తీర్థంలో ఉంగరాలాట వాడిలా నన్ను బోల్తా కొట్టిస్తున్నావా?"

"గది ఇవ్వడం ఇష్టంలేక మీరే గుద్దేస్తున్నారు మావయ్యా," అనేశాను. ఆయన మొహం మాడ్చుకున్నారు.

"జరగండి, నేనాడతాను," అంటూ మాణిక్యాంబత్తయ్య కూర్చుంది. ఆవిడ మొదట్నుంచీ నా పక్షమే. ఆవిడా అక్కడే గుద్దేసింది. మరి ఈవిడకి ఓడాల్సిన పనేంటి?

రెండోసారి తెర చూడ్డం మానేసి అత్తయ్య చేతులు చూశాను. రేవు రాగానే కుడిచెయ్యి పడవని గాలికొదిలేసి ఎడంవైపు బటన్ మీదకి పరిగెత్తింది.

"ఎడంచేత్తో నొక్కొచ్చుగా అత్తయ్యా!"

"ఎడంచేత్తో సరుకిస్తారేంట్రా ఎవరైనా?"

మావయ్య నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

బటన్లు అటువి ఇటు మార్చాను. మావయ్య ఎడంచేత్తో పడవ నడుపుతూ, కుడిచేత్తో దర్జాగా సరుకిస్తూ గెలిచారు. గెలిచి కూడా తెర వంక అనుమానంగానే చూశారు. ఆ తర్వాత లేచి, మొలతాడుకున్న గది తాళంచెవి తీశారు.

మార్చిన ప్రోగ్రాం పోకుండా టేప్‌రికార్డర్ క్యాసెట్‌లోకి ఎక్కిస్తూ, దాని వైరు కదలకుండా కుడిచేత్తో పట్టుకుని ఉన్నాను. సంతోషం పట్టలేక రెండో చెయ్యి చాపాను. మావయ్య తాళంచెవి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. నేననుకున్నంతా అయింది!

"మాటిచ్చారు మావయ్యా!"

ఆయన నా ఎడంచేతి వంకే చూస్తూ నిలబడ్డారు.