సంచులు నేను తెస్తానమ్మా

మోంజే ఊరి నుంచి రాజధాని లుసాకా దాకా బస్సులో ముటింటా నడుం మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆమె చుట్టుకున్న చితెంగె గుడ్డ మడతలో రెండు పాస్‌పోర్టులున్నాయి, తనదీ, కూతురు లుయాండోదీ. పిల్లకు గుండెలో రంధ్రం. ఇండియాలో ఆపరేషన్‌కు అంతా సిద్ధమైంది. మర్నాడే విమానం.

"అట్లా పట్టుక్కూర్చుంటే ఎట్లాగే? నీకు నొప్పులొస్తున్నాయనుకుని పక్క సీటావిడ బస్సు ఆపమంటోంది," అన్నాడు తోడు వచ్చిన అన్న హమూంగా. లుయాండో నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది.

బస్టాండు పక్కనే హోటల్. కౌంటర్లో అమ్మాయి పాస్‌పోర్టులు అడిగి తీసుకుని, నకళ్ళు తీసి తిరిగిచ్చింది. హమూంగా బయట టాక్సీవాడితో బేరంలో ఉన్నాడు. అంతలో లుయాండో ఆయాసంతో నేల మీద కూలబడింది. ముటింటా చేతిలో ఉన్న పాస్‌పోర్టులు చేతిసంచిలో కుక్కేసి పిల్లను ఎత్తుకుంది.

తెల్లచొక్కా కుర్రాడొకడు తాళాలగుత్తి ఆడిస్తూ వచ్చాడు. "పాపను పట్టుకోండమ్మా. సంచులు నేను తెస్తా. మేడమీద గదే కదా?"

"నీకు పుణ్యముంటుంది నాయనా," అంది ముటింటా. చేతిసంచి కూడా అతనికే వదిలి, పిల్లతో మెట్లెక్కింది.

పిల్లకు ఊపిరి కుదుటపడింది. సంచులు మాత్రం రాలేదు. ముటింటా కిందికి పరుగెత్తింది.

"తెల్లచొక్కానా?" కౌంటర్ అమ్మాయి ముఖం పాలిపోయింది. "మావాళ్ళంతా నీలంచొక్కాలమ్మా. జేబు మీద పేరుంటుంది. నేను వాణ్ణి మీ మనిషే అనుకున్నాను."

హమూంగా బస్టాండంతా గాలించాడు. పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. సందుల్లో, చెత్తకుండీల్లో వెతికారు. పాస్‌పోర్టులతో పాటు పిల్ల మందులూ ఆ చేతిసంచిలోనే పోయాయి.

"అమ్మా, రేపు విమానం ఎక్కుతామా?" అడిగింది లుయాండో.

"ఎక్కుదాంలే, పడుకో."

విమానం వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది. ఆపరేషన్ రోజు ఇంకో బిడ్డకు ఇచ్చేశారు. కొత్త పాస్‌పోర్టుల కోసం ముటింటా ఆఫీసుల చుట్టూ తిరిగింది. అవి చేతికొచ్చేసరికి లుయాండో మంచం దిగలేకపోతోంది. మోంజే డాక్టరు పిల్లను చూసి, ముటింటాను వరండాలోకి పిలిచాడు.

"ఈ గుండె ఇంక విమానానికి తట్టుకోదమ్మా. ఆపరేషన్‌కూ తట్టుకోదు."

"నాది తీసి పెట్టరాదా?" అంది ముటింటా. డాక్టరు తల దించుకున్నాడు.

"వాడు నాకు దొరకాలే గానీ, నరికి పోగులు పెడతా," అన్నాడు ఇంటి దగ్గర హమూంగా.

"దొరికితే మాత్రం ఏం చేస్తావ్ అన్నయ్యా? వాడు లాక్కుపోలేదు. నేనే ఇచ్చాను."

చెల్లెలి ముందు పెట్టిన న్షిమా, మొక్కజొన్న సంకటి, చల్లారి గట్టిపడింది.

ఆ వారంలోనే ఇండియా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. "మీ పాపకు మళ్ళీ తారీఖు దొరికిందమ్మా! రాగలరా?"

లుయాండో దిండు మీద నుంచి తల్లినే చూస్తోంది.

"వస్తామండి," అంది ముటింటా. "తప్పకుండా వస్తాం."