కిటికీ పక్కన, ఖాళీ

మానిటరు ఆపేసి, కళ్ళు కూడా మూసుకుని, చెవుల్లో వినిపిస్తున్న గొంతు వెంట అతను మీటలు నొక్కుకుంటూ పోతున్నాడు. తెరమీద ఉన్నదాన్ని చదివి చెప్పే యంత్రం గొంతు అది. "బయలుదేరే ఊరు. చేరే ఊరు. ప్రయాణం తేదీ." తరవాత సీట్లు రావాలి. చూపుడువేలు ఒక్క క్షణం ఆగింది. నొక్కాడు.

"తలుపు నుంచి మూడో వరస. కిటికీ పక్కన, ఖాళీ."

కళ్ళు తెరవకుండానే నవ్వుకున్నాడు.

బస్సుల కంపెనీ వెబ్‌సైట్లో టికెట్లు కొనే పేజీ అది. పాతదాంట్లో సీట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు "బటన్, బటన్, బటన్" అంటూ బస్సు చివరిదాకా నత్తి పట్టినట్టు అదే మాట పలికేది. చూపున్నవాళ్ళకు పచ్చటి గడి ఖాళీ సీటు. లేనివాళ్ళకు అన్నీ ఒకటే. ప్రతి గడికీ ఒక మాట తగిలించాలని పట్టుబట్టింది అతనే. వరసలు ముందునుంచి కాక తలుపు నుంచి చెప్పాలన్నది మాత్రం పక్క కుర్చీలోని రంగులాయన. పేజీలకు రూపు దిద్దే మనిషి కాబట్టి ఆఫీసంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. "బస్సెక్కేవాడికి డ్రైవరుతో ఏం పని? కాలు పెట్టేది తలుపులో కదా," అన్నాడాయన ఒకరోజు, పెన్సిలు చెక్కుకుంటూ. అంత చిన్న సంగతి తనకు తట్టనందుకు అతనికి లోపల్లోపల కుళ్ళు పుట్టింది. అయినా మర్నాడు పొద్దున్నే వచ్చి అలాగే మార్చేశాడు.

చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. కింది నుంచి తోలు వాసన, జిగురు వాసన మెట్లెక్కి వస్తుంటాయి. అతని కుర్చీకి ఒక చెయ్యి ఎప్పుడో ఊడిపోయింది. జుట్టు నుదురు వదిలి వెనక్కి జరిగింది. కళ్ళజోడు ముక్కుమీద నిలవదు. చుట్టాలు కనిపించినప్పుడల్లా "వెబ్‌సైట్లు ఇప్పుడు మనుషులక్కర్లేకుండా వాటంతటవే తయారవుతున్నాయట కదా, నీకింకా ఉద్యోగం ఉందా?" అని పరామర్శిస్తారు. అతను నవ్వి ఊరుకుంటాడు. తన పని మెట్లు కట్టడం లాంటిదని అతని ఉద్దేశం. బాగున్న మెట్టును ఎవరూ మెచ్చుకోరు, తగిలిన మెట్టును అందరూ తిడతారు. తిట్లు పడని రోజు అతనికి మంచిరోజు. లిఫ్టు ఎక్కినా, బట్టలుతికే మిషను ముందు నిలబడినా అతని కన్ను ముందు మీటల మీదికే పోతుంది. అన్నీ నున్నటి అద్దాలైపోయాయి. వేలికి ఏమీ తగలదు. "ఇంత తెలివి పెట్టినవాళ్ళు ఒక్క గరుకు చుక్క పెట్టలేకపోయారే!" అని ఒక్కడే గొణుక్కుంటాడు.

ఈ గరుకు చుక్కల పిచ్చి అక్క వల్ల పట్టింది.

అక్క బడిలో లెక్కలు చెప్పేది. నడివయసులో ఆమె చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చింది. ముందు పక్కనున్న పిల్లలు, తరవాత ఎదురుగా ఉన్న బోర్డు, చివరికి చేతిలో సుద్దముక్క కనిపించకుండా పోయాయి. ఉద్యోగం మానేసి తమ్ముడింటికి వచ్చింది. చిన్నప్పుడు తనను చంకనేసుకుని తిప్పిన మనిషి అని అతను ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. ఉత్తరాలు చదివిపెట్టాడు, ఫోన్లు కలిపిపెట్టాడు. "నేనున్నానుగా అక్కా" అన్నది అతని ఊతపదం అయిపోయింది. ఆమె తల ఊపేది.

ఆ చదివే గొంతును వాడడం ఆమె తనంతట తనే నేర్చుకుంది. అది మాట్లాడే వేగం పెంచుకుంటూ పోయింది.

"ఏంటక్కా అది, మాట్లాడుతోందా, పేలాలు వేగుతున్నాయా?" అన్నాడు అతను ఒకసారి.

"నీకు అర్థం కాకపోతే నన్నేం చెయ్యమంటావు?" అంది. ఆ మాటలోని దర్జాకి అతను ముచ్చటపడ్డాడు.

మధ్యాహ్నం కాకముందే కొత్త పేజీ జనం ముందుకు వెళ్ళింది. హడావుడి ఏమీ లేదు. అతను ఒక మీట నొక్కాడు, రంగులాయన టీ తెప్పించాడు. టీ చల్లారేలోపే ఫోను మోగింది.

"ఒరే, టికెట్టు కొన్నాను," అంది అక్క.

"ఎవరు చేసిపెట్టారు?"

"ఎవరు చెయ్యాలి? నేనే. నీ పేజీలో ఆ గొంతు చెప్పినట్టే నొక్కుకుంటూ పోయాను. మూడో వరస, కిటికీ పక్క సీటు."

అతను కుర్చీలోంచి లేచిపోయాడు. ఆ సంబరంలో ఏం మాట్లాడాడో అతనికే తెలియలేదు. ఫోను పెట్టేసి గది మధ్యలో నిలబడి, "మా అక్క కొన్నదండీ! ఒక్కతే కొన్నది!" అన్నాడు. లోపలి గదిలో వాళ్ళు కూడా తొంగిచూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతనికి చప్పట్లు పడడం అదే మొదలు.

"ఎక్కడికట?" అన్నాడు రంగులాయన.

అతను ఫోను వైపు చూశాడు. ఆ మాట అడగనే లేదు.

ఇంటికి త్వరగా వచ్చేశాడు. హాల్లో పెట్టె కట్టి ఉంది. భార్య దాని మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"వదిన చెప్పింది. మీరెప్పుడైనా అడిగితే కదా," అంది భార్య, తలెత్తకుండా.

కళ్ళు కనిపించని పిల్లల బడి ఒకటి దూరపు ఊళ్ళో ఉంది. అక్కడే ఉండి లెక్కలు చెప్పడానికి మనిషి కావాలన్నారు. ఆ సంగతి అక్క అతనితో ఎన్నోసార్లు ఎత్తింది.

"ఇవాళే వెళ్ళాలా? నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా!"

"చెప్పాను. చెప్పినప్పుడల్లా 'చూద్దాం' అన్నావు. ఈ ఇంట్లో చూపున్న మగాడివి నువ్వే కదా, చూస్తావులే అని ఊరుకున్నాను. ఇక లాభం లేదని నేనే చూసుకున్నాను."

భార్య ఫక్కున నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

"టికెట్టు మరదలు ఎప్పుడో కొనిస్తానంది," అంది అక్క, కాస్త మెత్తబడి. "నేనే వద్దన్నాను. వెళ్ళేది నేనైనప్పుడు మొదటి అడుగు కూడా నాదే కావాలి. నీ పేజీ పూర్తయ్యేదాకా ఆగాను."

అతను సోఫాలో కూలబడ్డాడు. ఇన్ని నెలలూ ప్రతి మీటా అక్క వేలిని తలుచుకునే పెట్టాడు. అతని తలపులో ఆమె టికెట్లు కొంటూనే ఉంది. కానీ ఆ సోఫాలోంచి ఒక్కసారీ లేవలేదు. బస్సు టికెట్టు కొన్న మనిషి బస్సెక్కి వెళ్ళిపోతుందన్న ఆలోచనే అతనికి రాలేదు.

"అక్కడ నీకు ఎవరున్నారక్కా?"

"పిల్లలున్నారు. దింపుకోవడానికి బడివాళ్ళు వస్తున్నారు. లే, టైమవుతోంది."

బస్టాండులో ఆమె అతని మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఇంకా వెలుతురుంది. బస్సు తలుపు దగ్గర అతను అలవాటుగా ముందు తానే ఎక్కబోయాడు.

"తప్పుకోరా," అంది అక్క. "నన్ను లెక్కపెట్టుకోనీ."

అతను పక్కకు జరిగాడు. ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కింది. అరచేత్తో ఒక సీటు వీపు తడిమింది, రెండోది తడిమింది, మూడోదాని దగ్గర ఆగి, చీరకుచ్చెళ్ళు సర్దుకుని కిటికీ పక్కకు జరిగి కూర్చుంది. వెనకాల ఎక్కుతున్న ఒకాయన చెయ్యి అందించబోయి, అవసరం లేదని గ్రహించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కింద నిలబడి అతను అదంతా చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఛాతీ మాత్రం చొక్కా గుండీలు తెగేటంతగా ఉబ్బింది.

కిటికీ అద్దం జరిపి, "ఆ గొంతు నీకంటే నయంరా," అంది అక్క, అతను నిలబడిన వైపుకు కచ్చితంగా మొహం తిప్పి. "అడిగింది చెప్తుంది, సలహాలివ్వదు."

"జాగ్రత్త అక్కా" అనబోయి మానుకున్నాడు. "పిల్లలకు ఎక్కాలు గట్టిగా చెప్పు," అన్నాడు. ఆమె నవ్వుతూ ఉండగానే బస్సు కదిలింది.

ఇంటికి వచ్చాక అతను నేరుగా భార్య దగ్గరికి వెళ్ళాడు. "తనే వెళ్ళి కూర్చుంది. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు," అని చెప్పాడు. కాసేపాగి మళ్ళీ అదే చెప్పాడు. భార్య రెండుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నది.

అక్క గదిలో మంచం మీద దుప్పటి మడిచి ఉంది. ల్యాప్‌టాప్ తీసుకువెళ్ళింది. బరువని కాబోలు, విడి కీబోర్డు బల్లమీదే వదిలేసింది. దాని ఎంటర్ మీట మీద, వేలికి తెలియడం కోసం మరదలి గోళ్ళరంగుతో పెట్టించుకున్న ఎర్రటి చుక్క, నొక్కీ నొక్కీ నడుమ అరిగిపోయి, అంచుల్లో మాత్రం గరుగ్గా మిగిలి ఉంది.