మణికట్టు మీద రెండు వేళ్ళు

తలుపు లోపల ఆరుగురు కూర్చుని ఒదీల్ వల్‌క్రోజ్ బతుకు తేలుస్తున్నారు. ఒదీల్ బయట వసారాలో చెక్క బల్ల మీద కూర్చుంది. పారిస్‌లోని ఆ నాటకశాల నటులదే, వేరే యజమాని లేడు. ఏటా డిసెంబరులో వాళ్ళే ఒకరి మీద ఒకరు ఓటేసుకుంటారు. తెల్ల గోళీలు ఎక్కువ పడితే ఉంటావు, నల్లవి ఎక్కువ పడితే సామాను సర్దుకుంటావు. ఎవరి సంగతి తేలుతోందో ఆ మనిషి వచ్చేపోయే ప్రతివాడికీ కనపడేలా బయట కూర్చోవాలి. ఇంత మర్యాదైన పద్ధతి కనిపెట్టినవాడి నోట్లో మన్ను పడ.

ఒదీల్‌కు యాభై ఎనిమిదేళ్ళు. రువాన్‌లో ఊరివాళ్ళ బట్టలుతికే తల్లిని వదిలి పదిహేడో ఏట వచ్చింది. తొలి వేషం, పళ్ళెంలో ఉత్తరం తెచ్చే పనిమనిషి. రాణి వేషం కోసం పదకొండేళ్ళు కాచుకుంది. అక్కడ ఎవరి వేషం వాళ్ళ సొత్తు, వాళ్ళు చస్తేనో పోతేనో తప్ప ఇంకొకరి చేతికి రాదు. చివరికి పాత రాణిని సాగనంపిన నల్ల గోళీల్లో ఒకటి ఒదీల్‌దే. అందుకు ఆమె ఒక్కనాడూ బాధపడలేదు. ఇవాళ కూడా పడటంలేదు, ఒళ్ళు మాత్రం మండిపోతోంది.

కొంప ముంచింది సినిమా. మూగ సినిమాల రోజుల్లో కన్నీళ్ళు కార్చే దొరసానిగా పది పన్నెండింట్లో చేసింది, ఒక్కటీ ఎవరికీ గుర్తులేదు. నిరుడు మాట్లాడే సినిమాలో చేపలమ్మే గయ్యాళిగా వేసింది. చేపను నొక్కి చూసే బేరగాడి చేతి మీద ఒక్కటిచ్చి, "ముట్టుకుంటే కొనాలి, నాయనా!" అని అరుస్తుంది. ఊరంతా పగలబడి నవ్వింది. నవ్వనీ అనుకుంది ఒదీల్. కానీ పై అంతస్తులో చౌక టిక్కెట్ల జనం ఆ మాటను నాటకానికి కూడా మోసుకొచ్చారు. మూడో అంకంలో రాణి వెనకనుంచి రాజు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించగానే పైనుంచి కేక: "ముట్టుకుంటే కొనాలి!" చూస్తున్నది విషాద నాటకం. హాలు హాలంతా గొల్లున నవ్వింది. ఆ వారంలో నాలుగు రోజులు అదే తంతు.

చెయ్యి వెయ్యకపోతే గొడవే లేదుగా అని మీరనొచ్చు. వెయ్యక తప్పదు. రాజుగా వేసే అర్మాన్ తిబియెకు రెండేళ్ళుగా చెవులు పోయాయి. ఆ సంగతి ఒదీల్ ఒక్కదానికే తెలుసు, అర్మాన్‌కు కూడా తెలియదు. ఈ కాలం పిల్లలు నోట్లో నోట్లో గొణుక్కుంటారని అందర్నీ తిట్టిపోస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. మూడో అంకంలో మాత్రం రాణి అతని వెనక నిలబడి మాట్లాడుతుంది. ఆమె మాట ముగిసిందని ఆ రెండు వేళ్ళే చెప్పాలి. ఆ రాత్రుళ్ళు అతనికి కేక వినపడలేదు, ముందు వరసల్లో నవ్వే నోళ్ళు కనపడ్డాయి. కేకేమిటో తరవాత ఎవరో పని గట్టుకుని చెప్పారు.

తలుపు తెరుచుకుని అర్మాన్ ఒక్కడే బయటికి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"మూడూ మూడూ వచ్చాయి," అన్నాడు. "సమానమైతే తేల్చే గోళీ ఇంకొకటి వయసులో పెద్దవాడిది. అంటే నాది."

"ఏ రంగు వేశావు?"

అతను ఆమె పెదాలనే చూస్తున్నాడు. "రెండూ నలుపే. దాచడం నా చేత కాదు."

"ముప్ఫై ఏళ్ళు నీ పక్కన నిలబడ్డాను, అర్మాన్."

"నిలబడి ఊరుకుంటే బాగుండేది. నేను నోరు తెరిచే వేళకు నా మీద చెయ్యేస్తావు, జనం కళ్ళన్నీ నీ వేళ్ళ మీదకే పోతాయి. రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఇప్పుడు నీ చేపల బుట్ట కూడా నా నెత్తికెత్తావు. వద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"ఎందుకేస్తున్నానో ఒక్కసారైనా అడిగావా?"

"అడగడమెందుకు, నాకు తెలీదూ? నా చప్పట్లు కాజేయడానికి."

అతను వెనుదిరిగాడు. వసారాలో వేరే ఎవరూ లేరు. "నీకు చెవుడు, ముసలాడా," అంది ఒదీల్ అతని వీపుతో. అతను టోపీ సర్దుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఆదివారం ఆమె ఆఖరి ఆట. ఆ పైన రాణి వేషం జినెత్‌ది. జినెత్‌కు ముప్ఫై ఒకటి, ఆరేళ్ళుగా ఆ వేషం మీదే కన్ను. పోయే మనిషి ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తిరగాలో అంతా చెప్పి వేషం అప్పగించి పోవాలి. అదీ అక్కడి ఆనవాయితీయే. శనివారం మధ్యాహ్నం జినెత్ నోటు పుస్తకంతో ఒదీల్ గదికి వచ్చి, కొక్కేనికి వేలాడుతున్న రాణి గౌనును ఎగాదిగా చూసింది.

"నడుం దగ్గర బాగా లోపలికి కుట్టించాలి, మదామ్."

"కుట్టించుకో. గుండె దగ్గర ఇంకా ఎక్కువ కుట్టించాల్సొస్తుంది. కూర్చో."

ఒదీల్ ఏదీ దాచలేదు. ఏ మెట్టు కిర్రుమంటుందో, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకోవాలో, అన్నీ ఒకదాని తరవాత ఒకటి చెప్పింది. పనిలో దొంగతనం ఆమెకు చేతకాదు. జినెత్ గబగబా రాసుకుంటూ మూడో అంకం దాకా వచ్చింది.

"ఆయన వెనక నిలబడి చెప్పే మాటలు అయిపోయాక, మీరు మణికట్టు మీద వేళ్ళు పెడతారు కదా? నేనూ పెట్టాలా?"

తొమ్మిది వందల మంది ముందు అర్మాన్ నోరు మూసుకుని నిలబడి ఉండటం ఒదీల్‌కు కళ్ళముందు కనపడింది. వెనక జినెత్ చెప్పాల్సింది చెప్పేసి ఉంటుంది. ఆయన ఇంకా వింటున్నట్టే నిలబడి ఉంటాడు. ముందు ఒకడు దగ్గుతాడు, తరవాత ఒకడు నవ్వుతాడు, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కాదు. తలుచుకుంటే ఆమెకు జాలి వెయ్యలేదు. వారం రోజుల తరవాత మొదటిసారి హాయిగా ఊపిరాడింది.

"అక్కర్లేదమ్మా," అంది. "అది నా పాడలవాటు. ఆయనకు అస్సలు గిట్టదు."

జినెత్ పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి పేజీ తిప్పింది.