ఆదరణ కూటం

బొరుగులు నీళ్లలో ముంచి, పిండి, పళ్లెంలో వేస్తున్నాను. సాయంత్రం ఆదరణ కూటానికి వచ్చేవాళ్లకి ఉగ్గాని, టీ. పోయింది మా అమ్మ. అరక్కోణంలో భూస్థాపన చేసి వచ్చి వారం కూడా కాలేదు. అయినా వండేది నేనే. ఈ ఇంట్లో పెళ్లయినా చావైనా పొయ్యి నాదే.

మా ఆయన శుభాకర్ వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగానే అన్నాడు.

"మీయమ్మ గురించి నువ్వు మాట్లాడొద్దులే సెల్వీ. నీ మాటకు ఎవరన్నా నవ్వినారంటే ఈపొద్దు బాగుండదు. కీర్తన చెప్తాదిలే."

కీర్తన నా ఆడపడుచు. పోయినవాళ్ల గురించి కన్నబిడ్డలు సాక్ష్యం చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. నాకు అదీ లేదన్నమాట. పైగా నన్ను కాపాడుతున్నానని అనుకుంటున్నాడు, పాపం. ఒళ్లు మండింది. ఉల్లిపాయలు ముందుకు లాక్కున్నాను.

జమ్మలమడుగు కోడలినై ఇన్నేళ్లయినా నేను అరవమ్మనే. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నా చేత సూది వేయించుకున్నవాళ్లే, మందులు ఎలా మింగాలో చెప్తుంటే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. చుట్టాలొస్తే మా ఆయన నా మాటని అనుకరించి చూపిస్తాడు. అప్పుడు నేనూ నవ్వాలి. నవ్వకపోతే, సరదాకి అన్నా మొహం మాడ్చుకుంటానని పేరు. ఇంటి ప్రార్థనల్లో వంతు నా దాకా వచ్చేసరికి మా అత్త విజయమ్మ గబగబా తనే అందుకుంటుంది. కాగితం మీద నాకు యాస ఉండదు కాబట్టి మీరైనా ఇదంతా నవ్వకుండా చదువుతున్నారు.

సాయంత్రం చాపలు నిండాయి. పాట అయ్యాక కీర్తన లేచి కళ్లు తుడుచుకుంది.

"సెల్వొదిన వాళ్లమ్మ శానా నెమ్మదస్తురాలు. మా ఇంట్లో ఉన్నన్ని దినాలూ నోరెత్తి ఒక మాట ఆడింది లేదు."

అందరూ తలలూపారు. నా చేతిలో టీ పళ్లెం. నెమ్మదస్తురాలా, మా అమ్మా? అరక్కోణం స్త్రీల సమాజంలో ఆమె కథ మొదలుపెడితే పాస్టరుగారు కూడా గడియారం చూడటం మానేసేవారు. నా ఆపరేషనప్పుడు ఈ ఇంటికి వచ్చింది. రైలంతా వల్లించుకుంటూ వచ్చిన తెలుగులో వియ్యపురాలిని పలకరించింది. మా అత్త పక్కింటివాళ్లని కేకేసి పిలిచి, "ఇంగోసారి అను వదినా" అంది. వాళ్లకి నచ్చిందేమోననుకుని అమ్మ మళ్లీ అంది, ఇంకా గట్టిగా. అందరూ పడీపడీ నవ్వారు. మళ్లీ అనమన్నారు. అప్పుడు అర్థమైంది ఆమెకి. మంచం మీద నుంచి నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆ తర్వాత ఉప్పు కావాలన్నా చేత్తోనే చూపించేది.

పళ్లెం మా ఆయన చేతిలో పెట్టాను. వద్దన్నట్టు కళ్లతో సైగ చేశాడు. ముందుకు వెళ్లి, నేను మాట్లాడతానన్నాను. మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అయిపోయేదాకా ఆగి, మా అత్త వైపు చూస్తూ, నా అరవ యాసలోనే తాపీగా చెప్పాను.

"మా అమ్మ శానా మాటకారి. మీరు నవ్వినారని నోరు మూసుకుంది. ఆమె చెప్పే కథ ఒకటి చెప్తాను, కూర్చోండి. పెద్దది. ఉగ్గాని ఆ తర్వాతే."